పొరుగువాడు, పరదేశి, అతిథి: ధాత కరువులో ఒంగోలు మిషను సేవ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆపదలో ఉన్న అపరిచితులను ఆదరించి, ఆ ఆదరణ ద్వారా తమ విశ్వాసాన్ని తెలియజేయడం క్రైస్తవ సంప్రదాయంలో తొలి శతాబ్దాల నుంచి కనిపించే ఆచరణ. ఆ ఆదరణకూ మతస్వీకారానికీ మధ్య సంబంధం ఎలా ఉండాలన్న ప్రశ్న కూడా అంతే ప్రాచీనమైనది. తెలుగునేల మీద ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా ఎదురైన సందర్భాల్లో 1876-78 నాటి ధాత కరువు ఒకటి. ఆ కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషను చేపట్టిన కాలువ పని, సహాయం సాగినంతకాలం బాప్తిస్మాన్ని నిలిపివేసిన నిర్ణయం, అనంతరం 1878 జూలైలో గుండ్లకమ్మ తీరాన జరిగిన సామూహిక బాప్తిస్మాలు ఈ వ్యాసానికి ప్రధాన విషయం. తెలుగు బైబిలు పదజాలం ఆధారంగా ‘పొరుగువాడు’, ‘పరదేశి’, ‘ఆతిథ్యం’ అనే భావనలను వివరించి, వాటి వెలుగులో ఆ సంఘటనలను పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలక పదాలు: పొరుగువాడు, ఆతిథ్యం, ధాత కరువు, బకింగ్‌హామ్ కాలువ, ఒంగోలు మిషను, మాదిగలు, సామూహిక మతస్వీకారం.

1. ఉపోద్ఘాతం:

ఆకలితో ఉన్నవానికి అన్నం పెట్టి, ఆ పెట్టిన చేతి వెనుక ఉన్న విశ్వాసాన్ని అతనికి తెలియజేయడం ఒక దృష్టిలో సహజం. మనిషి చేసే మంచిపనికి ప్రేరణ ఏమిటో చెప్పడంలో తప్పేముందన్నది ఆ దృష్టి. మరొక దృష్టిలో అదే పని అనుమానాస్పదం. ఆకలిగొన్నవాడు కాదనలేని స్థితిలో ఉంటాడు. అటువంటివానికి అన్నంతోపాటు మతాన్ని కూడా అందిస్తే, అతడు స్వీకరించినది దేనినో తేల్చడం కష్టం. కరువు కాలంలో మతం మార్చుకున్నవారిని గింజల కోసం మారినవారని ఎగతాళి చేయడం పంతొమ్మిదో శతాబ్దంలో భారతదేశంలోనూ చైనాలోనూ వినిపించిన మాటే.

ఈ రెండు దృష్టుల మధ్య చర్చ సాధారణంగా ఉద్దేశాల చుట్టూ తిరుగుతుంది. మిషనరీల ఉద్దేశం మంచిదా కాదా, మతం మారినవారి ఉద్దేశం స్వచ్ఛమైనదా కాదా అని వాదోపవాదాలు సాగుతాయి. ఉద్దేశాలు పరిశోధకుని చేతికి చిక్కేవి కావు. చేతికి చిక్కేవి ఆచరణలు: ఎవరు ఎవరికి ఏమిచ్చారు, ఏ షరతు మీద ఇచ్చారు, ఇవ్వడానికీ అడగడానికీ మధ్య ఎంత ఎడం పాటించారు అన్నవి. ఒంగోలు ఉదంతాన్ని ఈ కోణంలో చూసినప్పుడు దాని ప్రత్యేకత స్పష్టమవుతుంది.

2. తెలుగు బైబిలు పదజాలం – మూడు మాటలు:

అపరిచితుని ఆదరణకు సంబంధించి క్రైస్తవ బోధలో మూలకందం వంటిది లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుని ఉపమానం. యెరూషలేము నుంచి యెరికోకు పోయే దారిలో ఒక మనిషి దొంగల చేత చిక్కి, కొన ఊపిరితో పడి ఉంటాడు. యాజకుడు చూసి పక్కగా వెళ్ళిపోతాడు, లేవీయుడూ అంతే. యూదులు హీనంగా చూసే సమరయ జాతివాడు ఆగి, గాయాలు కట్టి, తన వాహనం మీద ఎక్కించుకొని, పూటకూళ్ళవాని ఇంటికి చేర్చి, మరునాడు ఖర్చుకు డబ్బిచ్చి తన దారిన తాను వెళతాడు. సత్రానికి బదులు తెలుగు అనువాదకులు ‘పూటకూళ్ళవాని ఇల్లు’ అనే మాటను ఎంచుకోవడం గమనించదగినది. డబ్బు తీసుకొని అన్నం పెట్టే ఇల్లు అది. అంటే ఇక్కడి దయ ఉచితాన్నంతో ముగియలేదు; ఒకరు మూల్యం చెల్లించగా మరొకరు సేవచేసే ఏర్పాటుగా కొనసాగింది.

‘పొరుగువాడు’ అనే మాటకు తెలుగులో స్థలార్థం ప్రధానం. ఇరుగుపొరుగు అంటే పక్కపక్క ఇళ్ళవారు. గ్రీకు మూలంలోని పదానికీ ‘సమీపంలో ఉన్నవాడు’ అనే అర్థమే ఉంది. ‘నా పొరుగువాడెవడు’ అన్నది ధర్మశాస్త్రోపదేశకుని ప్రశ్న. యేసు ఆ ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పక, కథ ముగించి, ఆ ముగ్గురిలో గాయపడినవానికి పొరుగువాడైనది ఎవరని ఎదురు ప్రశ్న వేస్తాడు. పొరుగుతనం స్థలం వల్ల సంక్రమించేది కాదని, చేతవల్ల ఏర్పడేదని ఈ మలుపు సూచిస్తుంది.

‘పరదేశి’ అనే మాట మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలోని తీర్పు సన్నివేశంలో వస్తుంది. ఆకలిగొన్నవారు, దప్పిగొన్నవారు, దిగంబరులు, రోగులు, చెరసాలలో ఉన్నవారితోపాటు పరదేశిని కూడా చేర్చుకోవడం అక్కడ తీర్పుకు ప్రమాణం. మేలు చేసినవారికి తాము ఎవరికి చేశామో తెలియదన్నది ఆ సన్నివేశంలోని కీలకాంశం. వారు రాజును గుర్తించి సేవ చేయలేదు. అవసరాన్ని గుర్తించి చేశారు.

మూడో మాట ‘ఆతిథ్యం’. గ్రీకులో దీనికి మూలమైన పదానికి ‘అపరిచితుల పట్ల ప్రేమ’ అని అవయవార్థం. తెలుగు అనువాదంలో వాడిన ‘ఆతిథ్యం’ సంస్కృతం నుంచి వచ్చినా ఈ అర్థాన్ని చాలావరకు కాపాడింది. తిథి నియమం లేకుండా వచ్చేవాడు అతిథి అన్నది సంప్రదాయ వ్యుత్పత్తి. చుట్టరికం వల్లనో ఆహ్వానం వల్లనో వచ్చేవాడు వేరు, చెప్పకుండా వచ్చేవాడు వేరు. ఈనాటి వాడుకలో ‘అతిథి’ అనగానే పిలిచి గౌరవించే ముఖ్య అతిథి గుర్తుకు రావడం వల్ల పాత అర్థం మరుగున పడింది.

ఈ మూడు మాటలను కలిపి చూస్తే ఒక క్రమం కనిపిస్తుంది. సాయపడినవాడు పొరుగువాడవుతాడు, సాయం పొందినవాడు పరదేశి, వారి మధ్య సంబంధం ఆతిథ్యం. ఈ క్రమంలో విశ్వాస ప్రకటనకు చోటెక్కడ అన్నది తరువాతి ప్రశ్న. ఉపమానంలోని సమరయుడు గాయపడినవానితో తన విశ్వాసం గురించి ఒక్క మాట కూడా మాట్లాడినట్లు కథలో లేదు.

3. గోప్యదానం, బహిరంగ సాక్ష్యం:

విశ్వాసం, దాతృత్వం అనే రెండింటి సంబంధం గురించి కొండమీది ప్రసంగంలోనే రెండు వేర్వేరు బోధలు పక్కపక్కన ఉన్నాయి. మంచిపనులను మనుషులు చూసి పరలోకమందున్న తండ్రిని మహిమపరచేలా మీ వెలుగు ప్రకాశించనీయండి అన్నది మత్తయి అయిదో అధ్యాయంలోని భావం. మనుషులకు కనబడాలని ధర్మం చేయవద్దు, కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియనీయవద్దు అన్నది ఆరో అధ్యాయంలోని భావం. దానం అనే అర్థంలో తెలుగు బైబిలు ఇక్కడ ‘ధర్మం’ అనే మాటనే వాడింది. బిచ్చమడిగేవారు ‘ధర్మం చేయండి’ అనే వాడుకతో ఇది సరిగ్గా సరిపోతుంది.

ఈ రెండు బోధల మధ్య పైకి కనిపించే వైరుధ్యాన్ని వ్యాఖ్యాతలు పలు విధాలుగా సమన్వయించారు. చేసినవానికి కీర్తి రావడం నిషిద్ధం, దేవునికి కీర్తి రావడం వాంఛనీయం అన్నది ప్రసిద్ధమైన సమన్వయం. ఆచరణలో ఈ గీత గీయడం సులభం కాదు. పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం మరో మార్గాన్ని చూపుతుంది: మీలోని నిరీక్షణకు కారణం అడిగేవారికి సాత్వికంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండాలన్నది ఆ సూచన. ఇక్కడ మాట ముందు రాదు. ప్రశ్న ముందు వస్తుంది. ప్రశ్నించే స్వేచ్ఛ సాయం పొందినవానిది, సమాధానం చెప్పే బాధ్యత సాయం చేసినవానిది.

సేవకూ విశ్వాస ప్రకటనకూ మధ్య సంబంధం దీనిని బట్టి మూడు రకాలు. మొదటిది మౌనసేవ: విశ్వాసం గురించి మాట్లాడకుండా సాయం చేయడం. రెండోది ప్రశ్నానంతర సాక్ష్యం: అడిగినప్పుడు చెప్పడం. మూడోది షరతు సేవ: వినడమో చేరడమో షరతుగా సాయం చేయడం. క్రైస్తవ బోధ మొదటి రెండింటిని సమర్థిస్తుంది. మూడోదాన్ని సమర్థించే వాక్యం ఈ మూలబోధల్లో కనిపించదు.

తొలి శతాబ్దాల చరిత్రలో సేవ ఎంత బలమైన సాక్ష్యమయిందో చెప్పడానికి ప్రత్యర్థి వాంగ్మూలమే ఉంది. నాలుగో శతాబ్దపు రోమన్ చక్రవర్తి జూలియన్ ప్రాచీన దేవతారాధనను పునరుద్ధరించాలని ప్రయత్నించినవాడు. క్రైస్తవులు తమ పేదలనే కాక ఇతరుల పేదలను కూడా పోషిస్తున్నారని, ఇది తమవారికి సిగ్గుచేటని అతడు ఒక అర్చకునికి రాసిన లేఖలో వాపోయాడు. ప్రతి పట్టణంలో అపరిచితులకు వసతిగృహాలు కట్టించమని ఆదేశించాడు. అదే శతాబ్దంలో కైసరయ బిషప్ బాసిల్ రోగులకూ బాటసారులకూ ఊరి వెలుపల పెద్ద సేవాకేంద్రాన్ని నెలకొల్పాడు.

4. కరువుకు ముందు ఒంగోలు:

తెలుగువారి మధ్య అమెరికన్ బాప్టిస్టుల పని 1836లో శామ్యూల్ డే రాకతో ప్రారంభమై, 1840లో నెల్లూరులో స్థిరపడింది. తొలి మూడు దశాబ్దాల్లో మతం స్వీకరించినవారు వేళ్ళమీద లెక్కించదగినంతమంది మాత్రమే. మిషనును మూసివేయాలన్న చర్చ అమెరికాలో పలుమార్లు జరిగింది. పటం మీద ఒంటరి చుక్కలా కనిపించడం వల్ల దీనికి ‘లోన్ స్టార్’ అనే పేరు కూడా వచ్చింది.

1866లో జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలుకు చేరాడు. యౌవనంలో అమెరికాలో భూముల సర్వే పనిలో అనుభవం గడించినవాడు. 1867 జనవరి 1న ఎనిమిదిమంది సభ్యులతో ఒంగోలు సంఘం ఏర్పడింది. అదే కాలంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి ఈ విశ్వాసంలో చేరాడు. అతడు అంతకుముందు రాజయోగ సంప్రదాయానికి చెందిన గురుమార్గంలో ఉన్నవాడు. తన బంధువర్గంలోనూ పల్లెపల్లెలోనూ కొత్త విశ్వాసాన్ని వ్యాపింపజేసినవాడు ప్రధానంగా అతడే. కాబట్టి ఒంగోలు ఉద్యమం ఒక విదేశీయుని ప్రసంగంతో మొదలైనదని చెప్పడం అసంపూర్ణం. మాదిగపల్లెల గురుశిష్య సంబంధాలు, బంధుత్వాలు, వ్యాపారపు దారులు దానికి మార్గం వేశాయి.

పై కులాలవారు మొదట మిషను పట్ల ఆసక్తి చూపారు. మాదిగలను చేర్చుకోవడం మొదలుకాగానే వారు దూరమయ్యారు. పాఠశాలలోని పై కులాల విద్యార్థులు వెళ్ళిపోయారు. చేరినవారికి మిషను విధించిన నియమాలు ప్రధానంగా మూడు: ఆదివారం పనిచేయరాదు, చచ్చిన పశువుల మాంసం తినరాదు, విగ్రహారాధన చేయరాదు. గ్రామదేవత జాతరల్లో డప్పు కొట్టడం కూడా దీనితో ఆగిపోయింది. ఈ నియమాలు మతపరమైనవిగా కనిపించినా, వాటి ప్రభావం నేరుగా గ్రామసేవా వ్యవస్థ మీద పడింది. వెట్టికి పిలిచినప్పుడు ‘ఆదివారం రాము’ అని చెప్పడం గ్రామపెత్తందార్ల దృష్టిలో ధిక్కారం. అందువల్ల కొత్తగా చేరినవారు వేధింపులకు గురయ్యారు. కరువు వచ్చేనాటికి సంఘంలో మూడువేలకు పైగా సభ్యులున్నారు. వీరంతా సాయం ఆశించి చేరినవారు కారు, చేరి నష్టపోయినవారు.

5. ధాత కరువు – బకింగ్‌హామ్ కాలువ:

1876లో వర్షాలు విఫలమవడంతో మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలు, మైసూరు, హైదరాబాదు సంస్థానాలు కరువు పాలయ్యాయి. అది ధాత నామ సంవత్సరం కావడం వల్ల తెలుగువారి స్మృతిలో ధాత కరువుగా నిలిచింది. ఈ కరువులో 50 లక్షలకు పైగా జనం మరణించారని అంచనా. కరువు పర్యవేక్షణకు వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877 ఆరంభంలో సహాయ పనుల్లో మగవానికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా కూలిని నిర్ణయించాడు. కష్టమైన శారీరక శ్రమకు ఇది చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆకలిగొన్నవానికి కనీసం ఎంత ఇస్తే బతుకుతాడన్న లెక్క ప్రభుత్వ స్థాయిలో చర్చనీయాంశమైన కాలమది.

మద్రాసు నుంచి కోస్తా వెంట ఉత్తరానికి సాగే కాలువను కరువు పనుల కింద తవ్వించారు. నాటి మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేర అది బకింగ్‌హామ్ కాలువ అయింది. ఒంగోలు ప్రాంతంలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని క్లౌ గుత్తకు తీసుకున్నాడు. ప్రభుత్వ పనుల వద్ద మేస్త్రీలు మాదిగలను చీదరించుకుంటున్నారని, కూలిలో కోత పెడుతున్నారని వచ్చిన ఫిర్యాదులు ఇందుకు ఒక కారణం. తనకు తెలిసిన బోధకులనే పర్యవేక్షకులుగా నియమించి, కూలీల గుంపులను వారికి అప్పగించాడు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా గుర్తించాలి. కూలి డబ్బు మిషనుది కాదు, ప్రభుత్వానిది. విడిగా పంచిన సహాయంలో సైతం అధికభాగం చందాల ద్వారా సమకూరిన కరువు నిధులది. మిషను సొంతంగా సమకూర్చినది వేరు: సరైన కొలత, పూర్తి కూలి, కసరని పర్యవేక్షకుడు. కాబట్టి ఒంగోలులో దయ అన్నది ప్రధానంగా దానరూపంలో లేదు. న్యాయమైన కూలి రూపంలో ఉంది. పూటకూళ్ళవానికి రెండు దేనారాలు లెక్కపెట్టి ఇచ్చిన సమరయుని చర్యకు ఇది దగ్గరగా ఉంది.

అయితే కాలువగట్టు మౌనసేవా స్థలం మాత్రం కాదు. పర్యవేక్షకులు బోధకులే కావడం వల్ల విశ్రాంతివేళల్లో కూలీలు వారి చుట్టూ చేరేవారు, ప్రశ్నలు అడిగేవారు, బోధకులు చెప్పేవారు. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చినవారు పని ముగిశాక విన్నదాన్ని మోసుకొని తమ ఊళ్ళకు తిరిగి వెళ్ళారు. పైన చెప్పిన మూడు రకాల్లో ఇది రెండోదానికి చెందుతుంది. పర్యవేక్షకుని చేతిలో కూలి ఉండగా అడిగే ప్రశ్న పూర్తి స్వేచ్ఛతో అడిగినదేనా అన్న సందేహం మాత్రం ఇక్కడ మిగులుతుంది. ఆ సందేహం మిషనుకూ కలిగిందనడానికి తరువాతి నిర్ణయమే నిదర్శనం.

6. పదిహేను నెలల ఎడం:

కరువు సహాయం సాగుతున్న కాలంలో బాప్తిస్మం కోరి వేలమంది వచ్చారు. క్లౌ వారికి బాప్తిస్మం ఇవ్వడానికి నిరాకరించాడు. 1877 నుంచి 1878 మధ్యభాగం వరకు సుమారు పదిహేను నెలలపాటు ఒంగోలు మిషనులో బాప్తిస్మాలు జరగలేదు. సహాయం ఆశించి చేరేవారిని వేరుచేయడానికి వేరే మార్గం లేదన్నది ఇందుకు హేతువు. సంఖ్యల కోసం దశాబ్దాలుగా ఎదురుచూసిన మిషను, ఆ సంఖ్యలు వాకిట నిలిచినప్పుడు తలుపు మూసివేయడం సామాన్యమైన నిర్ణయం కాదు.

కాలువ పని ముగిసింది; సహాయ నిధులు ఆగిపోయాయి. ఇక ఇవ్వడానికి డబ్బు లేదని తెలియజేసిన తరువాత కూడా జనం బాప్తిస్మం కోరుతూ వచ్చారు. తమకు డబ్బు అక్కరలేదని, సంఘంలో చేర్చుకుంటే చాలునని చెప్పారు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నది ఒడ్డున వారు సమావేశమయ్యారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది బాప్తిస్మం పొందారు. 3వ తేదీన ఆరుగురు దేశీయ బోధకులు ఒకసారికి ఇద్దరు చొప్పున నదిలో నిలిచి ఈ కార్యాన్ని నిర్వహించారు. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవారి సంఖ్య తొమ్మిదివేలు దాటింది.

ఈ పదిహేను నెలల ఎడం ఒంగోలు ఉదంతంలో కేంద్రాంశం. సేవకూ సాక్ష్యానికీ మధ్య గీత గీయడం ఉద్దేశాల స్థాయిలో కష్టమన్నది ముందే చూశాం. ఒంగోలులో ఆ గీతను కాలం మీద గీశారు. సాయం పొందినవాడు సాయం అవసరం తీరిన తరువాత, ఇంటికి పోయి, తనవారితో మాట్లాడుకొని, మళ్ళీ రావాలి. అలా వచ్చినవాని కోరికకు అతని ఆకలి ఒక్కటే కారణం కాదని చెప్పడానికి వీలవుతుంది.

7. ఆక్షేపణలు – విచారణ:

ఈ ఎడం వల్ల ఆక్షేపణలన్నీ తొలగిపోవు. మొదటి ఆక్షేపణ: సహాయం ఆగినా, మళ్ళీ కరువు వస్తే ఆదుకునేవారుంటారన్న ఆశ మిగిలే ఉంటుంది. ఇది నిజం. అయితే ఆపదలో ఆదుకునే వర్గంతో కలిసి ఉండాలన్న కోరికను మోసమని గాని, ప్రలోభమని గాని చెప్పలేం. కులం, బంధుత్వం, గ్రామం అన్నవి మనిషికి ఇచ్చే భరోసా కూడా అదే. గ్రామం ఆ భరోసాను మాదిగలకు ఇవ్వనప్పుడు వారు దానిని మరోచోట వెతుక్కోవడంలో వివేకమే కనిపిస్తుంది.

రెండో ఆక్షేపణ: బాప్తిస్మాన్ని వాయిదా వేసే అధికారం కూడా మిషనరీదే, సాయమిచ్చిన చేయే అర్హతను నిర్ణయించింది. ఇది మరింత బలమైన ఆక్షేపణ. పేదవాని విశ్వాసాన్ని మాత్రమే పరీక్షకు పెట్టడం, సంపన్నుని విశ్వాసాన్ని మాటమీద నమ్మడం మతసంస్థలన్నింటిలోనూ కనిపించే అసమానత. ఒంగోలు నిర్ణయం నిజాయితీని చాటుతుంది గాని ఈ అసమానతను తొలగించదు.

మూడో ఆక్షేపణ తెలుగువారి దాతృత్వ సంప్రదాయం నుంచి వస్తుంది. 1866 కరువులో రాయలసీమలో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా లేకుండా వచ్చినవారికి అన్నం పెట్టి అన్నపూర్ణగా ప్రసిద్ధి పొందింది. వీరు తిన్నవారిని ఏ విశ్వాసంలోకీ పిలవలేదు. ఈ దృష్టితో చూస్తే, విశ్వాసంతో ముడిపడిన దయ ఒక మెట్టు తక్కువదన్న వాదానికి ఆస్కారముంది.

ఈ పోలిక విలువైనదే. దానికి మరో పార్శ్వం కూడా ఉంది. అన్నదానం ఆకలిని తీరుస్తుంది. తిన్నవాని స్థానాన్ని సాధారణంగా మార్చదు. తిని లేచినవాడు తిరిగి తన పల్లెకే, తన పాత స్థానానికే పోతాడు. ఒంగోలు మిషను ఇవ్వజూపినది అన్నం మాత్రమే కాదు. ఒక సభలో సమానంగా కూర్చునే చోటు, పేరు నమోదయ్యే పుస్తకం, పిల్లలకు బడి. పిలుపు లేని దయ స్వచ్ఛమైనది కావచ్చు. పిలుపున్న దయ చేరికకు దారితీయవచ్చు. ఏది గొప్పదన్న తీర్పు కంటే, ఈ రెండూ వేర్వేరు అవసరాలకు సమాధానాలని గుర్తించడం చరిత్రకు న్యాయం చేస్తుంది.

8. ఉపమానంలో ఎవరి పాత్ర ఎవరిది?:

మిషను చరిత్రలు సాధారణంగా మిషనరీని సమరయుని స్థానంలోనూ, కరువు బాధితుని గాయపడినవాని స్థానంలోనూ నిలుపుతాయి. ఉపమాన నిర్మాణాన్ని గమనిస్తే ఈ పోలిక పూర్తిగా కుదరదు. కథలో సమరయుడు బలవంతుడు కాడు. హీనంగా చూడబడే జాతివాడు. ఎవరిని ముట్టుకోవడానికి యూదుడు ఇష్టపడడో అతడే యూదుని గాయాలు కడతాడు.

ఈ ప్రమాణంతో చూస్తే ఒంగోలులో సమరయుని స్థానానికి దగ్గరగా ఉన్నవారు పేరయ్య వంటి మాదిగ బోధకులు. ఊరు ముట్టుకోనివారే కాలువగట్టు మీద కూలీలకు లెక్కచూసి కూలి ఇప్పించారు, రోగులను కనిపెట్టుకున్నారు, గుండ్లకమ్మలో నిలిచి బాప్తిస్మం ఇచ్చారు. అసలైన పరదేశి క్లౌయే. మాదిగలు ఊరికి పక్కనే ఉండి, స్థలార్థంలో పొరుగువారై కూడా, శతాబ్దాలుగా పొరుగుతనం పొందనివారు. స్థలంలో దగ్గరైనవాడు దూరంగా ఉండడం, సముద్రాల అవతలివాడు దగ్గర కావడం అన్న విపర్యాసమే ఈ ఉదంతాన్ని తెలుగు సమాజ చరిత్రలో ముఖ్యమైనదిగా చేస్తుంది.

దళిత క్రైస్తవ చరిత్రను అధ్యయనం చేసిన జాన్ సి.బి. వెబ్‌స్టర్ వంటివారు సామూహిక మతస్వీకారాలను దళితుల సొంత చొరవతో నడిచిన ఉద్యమాలుగా గుర్తించారు. ఒంగోలు ఉదంతం ఈ అభిప్రాయాన్ని బలపరుస్తుంది. దయ పొందిన నిష్క్రియులుగా కాక, ఎవరి దయను నమ్మాలో నిర్ణయించుకున్నవారిగా మాదిగలు ఇందులో కనిపిస్తారు.

ఈ ఉద్యమం తాకిన పల్నాటి సీమలోని వినుకొండలోనే 1895లో గుర్రం జాషువ జన్మించాడు. అరుంధతీసుతుడు గబ్బిలం ద్వారా కాశీవిశ్వనాథునికి సందేశం పంపే ‘గబ్బిలం’ కావ్యాన్నీ, అనంతరం ‘క్రీస్తు చరిత్ర’నూ రచించినవాడు ఆయనే. ఊరి గుడిలోకి రానీయని మనిషి తన గోడును వినిపించడానికి ఒక గబ్బిలాన్ని ఆశ్రయించవలసి రావడం, ‘నా పొరుగువాడెవడు’ అన్న ప్రశ్నకు తెలుగు కవిత్వం ఇచ్చిన రూపాల్లో ఒకటిగా చదువుకోవచ్చు.

9. ఆధారాల స్వభావం:

ఈ ఉదంతానికి ప్రధానాధారాలు మిషను పక్షంవే. క్లౌ ఆత్మకథనాత్మక గ్రంథం 1914లో, అతని మరణానంతరం వెలువడింది. దానిని గ్రంథస్థం చేసినది అతని రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ. మాదిగ బోధకుల జీవిత కథలను, వారు చెప్పగా విని, ఆమె 1899లో మరో గ్రంథంగా ప్రచురించింది. కరువు కూలీల మాట ఈ రచనల్లో అనువాదమై, సంక్షిప్తమై కనిపిస్తుంది. కాబట్టి పరిశోధకులు సంఘాల సభ్యత్వ పుస్తకాలను, కుటుంబాల మౌఖిక చరిత్రలను, పల్లెల్లో నిలిచిన క్రైస్తవ కీర్తనలను, కరువు పనుల ప్రభుత్వ నివేదికలను వీటితో పోల్చి చూడాలి. సాయం చేసినవారి కథనంతోపాటు సాయం పొందినవారి కథనం చేరినప్పుడే దయ చరిత్ర సమగ్రమవుతుంది.

10. ముగింపు:

• తెలుగు బైబిలులోని ‘పొరుగువాడు’, ‘పరదేశి’, ‘ఆతిథ్యం’ అనే మాటలు అపరిచితుని ఆదరణను స్థలం నుంచి, చుట్టరికం నుంచి విడదీసి ఆచరణ మీద నిలుపుతాయి.

• సేవకూ విశ్వాస ప్రకటనకూ గల సంబంధాన్ని మౌనసేవ, ప్రశ్నానంతర సాక్ష్యం, షరతు సేవ అని మూడు విధాలుగా విభజించవచ్చు. ఒంగోలు కాలువ పని ప్రధానంగా రెండో విధానికి చెందినది.

• ధాత కరువులో ఒంగోలు మిషను అందించిన దయలో న్యాయమైన కూలి, గౌరవప్రదమైన పర్యవేక్షణ ముఖ్యమైనవి.

• సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాన్ని నిలిపివేయడం, సేవ ప్రలోభంగా మారకుండా కాలాన్ని అడ్డుగోడగా నిలిపిన నిర్ణయం. అది అధికార అసమానతను తొలగించలేదు గాని, స్వీకర్తకు కాదనే అవకాశాన్ని ఇచ్చింది.

• ఈ ఉద్యమంలో మాదిగ బోధకులు, కుటుంబాలు నిర్ణేతలుగా ఉన్నారు. సమరయుని స్థానం విదేశీయునికన్నా వారికే ఎక్కువగా వర్తిస్తుంది.

విశ్వాసాన్ని దయ ద్వారా పంచడం సమంజసమా కాదా అన్న ప్రశ్నకు ఒంగోలు ఉదంతం ఒక కొలమానాన్ని అందిస్తుంది. సాయం పొందినవాడు కాదని వెళ్ళిపోయినా ఆ సాయం అలాగే అందేదా అన్నది ఆ కొలమానం. అందేదయితే అది ఆతిథ్యం. అందకపోయేదయితే అది బేరం.